ఒంగోలు క్లౌ దొరగారు

నల్లగొండ, పాలమూరు మండలముల పల్లెలలో ఆదివారమునాడు గంట మ్రోగు చిన్న ప్రార్థనామందిరములు పెక్కు కలవు. వానిలో అనేకములకు మూలము నరయగోరువారు కృష్ణ దాటి ఒంగోలు దాక పోవలసియుండును. ఆ ఒంగోలు మిషనునకు దాదాపు నలువది సంవత్సరములు పెద్దదిక్కయి నిలిచినవారు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఆయన పేరు తలచినంతనే, ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగిన సంగతి చెప్పి ముగించుట పరిపాటియైనది. సంఖ్య గొప్పదే, కాదనరాదు. అయితే ఆ దినము వచ్చుటకు ముందును, పిమ్మటను, ఆయన తన మనస్సులో గట్టిపడియున్న తలంపులను ఒక్కటొక్కటిగా విడువవలసివచ్చెను. తాను విశ్వాసమనుకొన్నదానిలో కొంతభాగము తన దేశపు అలవాటనియు, కొంతభాగము తన పట్టుదలయనియు తెలిసికొనుట ఆయనకు సులభముగా జరుగలేదు.

క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో ఫ్రూస్‌బర్గు అను గ్రామము చెంత జన్మించిరి. చిన్ననాడే కుటుంబము పడమటి సీమలకు వలసపోయెను. యౌవనారంభమున ఆయన మిన్నెసోటా అడవులలో ప్రభుత్వపు భూమికొలత జట్టునందు చేరి, పని నేర్చి, తానే కొలత జరిపించు స్థితికి వచ్చిరి. అచటి కొలత మన సర్వే నంబర్లవలె వంకరటింకర గట్లను అనుసరించునది కాదు. మనుష్యుడు కాలుపెట్టని అడవినైనను 66 అడుగుల గొలుసుతో ఆరుమైళ్ళ చదరములుగా కోసి, ఒక్కొక్క చదరమును 36 భాగములుగా, ఒక్కొక్క భాగమును 640 ఎకరములుగా గీటు గీసి లెక్క వ్రాయుదురు. అట్టి పనిలో ఆరితేరిన యువకునకు లోకములో కొలతకు లొంగనిది లేదను ధీమా కలుగుట వింత కాదు. మతవిషయములు ఆయన కొలతకు లొంగలేదు గనుక వానిని ఆయన లెక్కలోనికి తీసికొనలేదు.

న్యాయవాదియై రాజ్యవ్యవహారములలో పేరు గడింపవలెనని ఆయన అయోవా రాష్ట్రమున బర్లింగ్టన్ విద్యాలయమున చేరిరి. గదిలో తోడుండిన విద్యార్థి భక్తిపరుడు. ఉదయము, సాయంకాలము మోకరించి ప్రార్థించువాడు. క్లౌగారికి ఇది కంటకమై, గది నడుమ సుద్దతో గీటు గీసి, ప్రార్థనయంతయు ఆ గీటు కావలనే జరుగవలెనని శాసించిరి. భూమిని హద్దులుగా విభజించువాడు దేవునికి కూడ ఒక హద్దురాయి పాతెను! కాని ఆ స్నేహితుడు తగవులాడక, తన వైపుననే కూర్చుండి తన ప్రార్థన తాను చేసికొనుచుండెను. కొలది కాలమునకే క్లౌగారి మనస్సు మారెను. వాదమున ఓడిపోయి మారినవారు కారు. ప్రక్కనున్న మనుష్యుని నడవడిని దినదినము చూచి మారినవారు. న్యాయవాదవృత్తిని గూర్చిన తలంపు అంతటితో ముగిసెను.

ఆ కాలమున అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను చావుబ్రతుకులలో నుండెను. 1836లో సామ్యూల్ డే దొర ఆరంభించి, 1840లో నెల్లూరున నిలిపిన ఆ పనికి పాతికేండ్లలో ఫలము వ్రేళ్ళమీద లెక్కింపదగినంతయే. దానిని మూసివేయవలెనని అమెరికాలోని సభలవారు పలుమారులు ఆలోచించిరి. దేశపటమున ఒంటరి చుక్కవలె నున్నదని దానికి ఒంటినక్షత్రమను పేరు కూడ వచ్చెను. లైమన్ జూయెట్ దొరయొక్కడు దానిని విడువనని పట్టుబట్టెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రక్క కొండపై ఆయన దంపతులును, కొందరు తెలుగు క్రైస్తవులును ప్రార్థించిన చోటు నేటికిని ప్రార్థనకొండయని పిలువబడుచున్నది. 1862లో మరల మూసివేత మాట వచ్చినప్పుడు, ఎవ్వరు రాకున్నను తానొక్కడనే పోయి అచటనే ప్రాణము విడుతునని జూయెట్ దొర తెలిపెను. ఆయనకు తోడుగా దొరికినవారే క్లౌగారు. 1864 నవంబరు 30వ తేదీన భార్య హారియెట్‌తో కూడ ఒక చిన్న ఓడ నెక్కి, మరుసటి యేడు మద్రాసున దిగి, నెల్లూరు చేరిరి. 1866 సెప్టెంబరున ఒంగోలున కాపురము పెట్టిరి.

ఒంగోలు వచ్చునాటికి ఆయన మనస్సున ఒక క్రమము స్థిరపడియుండెను. ముందుగా బ్రాహ్మణులును, పెద్దకులములవారును విద్యచేత క్రీస్తును తెలిసికొందురు; పిదప వారినుండి మతము క్రిందివారికి దిగును. చెరువు తూము విప్పినప్పుడు ఎగువమడి తడిసిన తరువాతనే దిగువమడికి నీరు పారునట్లు అన్నమాట. ఇది ఆయనయొక్కని తలంపు కాదు. 1830లో కలకత్తాయందు డఫ్ దొర పాఠశాల పెట్టినది మొదలు చాలమంది మిషనరీలు ఇదేరీతిగా నమ్మిరి. ఒంగోలులోని బ్రాహ్మణ కుటుంబములవారు తమ పిల్లలకు ఇంగ్లీషు పాఠశాల కావలెనని వచ్చి అడిగినప్పుడు, తన క్రమమునకు దేవుడే త్రోవ చూపుచున్నాడని ఆయన ఆనందించిరి. పాఠశాల చక్కగా ఆరంభమయ్యెను.

అయితే నీరు దిగువమడినుండి ఊరెను. ఒంగోలునకు పడమట సుమారు నలువది మైళ్ళ దూరమున తాళ్ళకొండపాడు అను పల్లె కలదు. అచటి యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగలు. తోళ్ళ వ్యాపారము చేయువారు. చదువులేనివారైనను జ్ఞానతృష్ణగలవారు. ఒక స్త్రీ గురువువలన రాజయోగము నుపదేశము పొంది, ఏండ్లకొలది ఆసనమునందును, ధ్యానమునందును గడపి, తమవారిలో గురువుగా మన్నన పొందినవారు. ఆ సీమలో పోతులూరి వీరబ్రహ్మముగారి బోధలును, నాసరయ్య మతమును దళితవాడలలో ప్రచారమునందుండినవి గనుక, పేరయ్యగారివంటి సాధకులు అరుదుగారు. తోళ్ళకై ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు అలెగ్జాండరు దొర బోధ విని, తాము యోగమున వెదకిన శాంతి ఇదియేయని నిశ్చయించుకొనిరి. 1866లో భార్యతో కూడ ఒంగోలునకు నడచివచ్చి బాప్తిస్మము పొందిరి. పిమ్మట ఇంటికి పోయి ఊరకుండలేదు. పల్లెపల్లెకు తిరిగి తమ బంధువులకు చెప్పసాగిరి.

1867 జనవరిలో పేరయ్యగారి పిలుపుపై క్లౌగారు తాళ్ళకొండపాడు చేరి చింతతోపున గుడారము వేసిరి. చుట్టుపట్ల పల్లెలనుండి మాదిగ కుటుంబములు సద్దిమూటలు కట్టుకొని వచ్చి, దినములకొలది అచటనే యుండి బోధ వినిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు వారిని ప్రశ్నించి పరీక్షింపబోయి, తాము నేర్పవలసినదానిలో ముఖ్యభాగము పేరయ్యగారు అంతకుముందే నేర్పియున్నారని గ్రహించిరి.

ఇచట మహాభారతమున ధర్మవ్యాధుని కథ స్మరణకు రాకమానదు. తపస్సు చేసి గర్వించిన కౌశికుడు ధర్మము నేర్చుకొనుటకు మిథిలానగరమున మాంసము విక్రయించువాని అంగడి ముంగిట నిలువవలసివచ్చెను. ఆ కథను తెనిగించిన ఎర్రాప్రగడ అద్దంకి రెడ్డిరాజుల ఆదరమున నుండినవాడు. అద్దంకియు, ఒంగోలును ఒక్క గుండ్లకమ్మ సీమలోనివే. అయిదువందల యేండ్ల పిమ్మట అదే సీమలో ఒక కళాశాల పట్టభద్రుడు తోళ్ళ వ్యాపారియొద్ద శిష్యుడగుట యాదృచ్ఛికమే కావచ్చును, కాని చదువరికి ముచ్చట గొల్పును. పల్లెలో ఎట్లు కూర్చుండవలెనో, ఎవరిని ముందు పలుకరింపవలెనో, ఏ మాట మనస్సున నాటునో, ఏది నాటదో క్లౌగారికి నేర్పినవారు పేరయ్యగారే.

మాదిగలు ఒంగోలు సంఘమున చేరుచున్నారని తెలిసినంతనే బ్రాహ్మణులు దొరగారియొద్దకు వచ్చి, వారిని చేర్చుకొనినచో తమ పిల్లలు పాఠశాలకు రాజాలరని మర్యాదగానే తెలిపిరి. ఆనాటి ఆచారమునుబట్టి వారు మరొకరీతిగా చెప్పియుందురని ఊహింపరాదు. దొరగారికి సంకటము కలిగెను. ఒకవైపు తాను సముద్రములు దాటివచ్చిన ఆలోచన ఫలించు సమయము. మరియొకవైపు ఎవ్వరును కోరని వారు. ఆయన తన గదిలోనికి పోయి ప్రార్థించి, చేతికందిన బైబిలు తెరవగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో మొదటి యధ్యాయపు చివరిభాగము కంటబడెను. లోకము గొప్పవారనుకొన్నవారిని కాక, లోకము త్రోసివేసినవారినే దేవుడేల కోరుకొనెనో తెలుపు భాగమది. అదే సమయమున వేరొక గదిలో భార్య హారియెట్ తెరచిన బైబిలులోను అదే పుట కనబడెనట. మన ఇండ్లలో రామాయణము తెరచి ప్రశ్న చూచువారికి ఇది అబ్బురముగా తోచదు. శకునమును నమ్మనివారు కూడ ఒక్క సంగతి ఒప్పుకొందురు: ఆ వాక్యములు ఆయన అంతకుముందు ఎన్నిసారులో చదివినవే. తాళ్ళకొండపాడు చింతతోపున కూర్చుండి వచ్చినపిదప గాని అవి తన్నుగూర్చి వ్రాయబడినవని ఆయనకు తోపలేదు.

మాదిగలను కాదనుట తన వలన కాదని ఆయన తెలిపిరి. బ్రాహ్మణ బాలురు వెడలిపోయిరి, పాఠశాల మూతపడెను. పట్టణమున పెద్దలతో ఏర్పడిన స్నేహములు చెడెను. ఎగువమడి క్రమము ఆనాటితో సమాప్తి.

చేరినవారికి ఆయన మూడు నియమములు పెట్టిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. కాగితముమీద చిన్న నియమములే. కాని ఊరిలో మాదిగ బ్రదుకంతయు ఈ మూటిలో చిక్కియున్నది. చచ్చిన పశువు తోలు అతని హక్కు, మాంసము అతని కూలి. డప్పు వాయించుట జాతరలో అతని విధి. మోటతోలు చినిగినదినము ఆదివారమని అతడు కదలకున్న, రైతు తోట ఎండును. కళ్ళమువద్ద మేర కొలుచునప్పుడు ఈ కోపమంతయు బయటపడెను. మేర నిలిపిరి, దారులు మూసిరి, బావులవద్దకు రానీయలేదు. గ్రామాధికారులలో, కరణములు మునసబులతో సహా, కొందరు అబద్ధపు కేసులు బనాయించి కొట్టించిరి. ఈ మాట కప్పిపుచ్చుట న్యాయము కాదు. దొరగారు అధికారులయొద్దకు పోయి వారి పక్షమున నిలిచిరి. అయినను దెబ్బలు తిన్నవారు మాదిగలే, దొరగారు కారు. ఆ నియమములలో డప్పును గూర్చిన పట్టు మరికొంచెము సడలించియుండవచ్చునని నేటివారికి తోచును. తరతరముల వాద్యకళ ఒకటి దానితో పాపపు పద్దున వ్రాయబడెను.

ఇట్లు పదియేండ్లు గడచునప్పటికి సంఘసభ్యులు మూడువేలు దాటిరి. అంతలో 1876లో వానలు తప్పెను. ధాత కరవని పెద్దలు చెప్పుకొను ఆ కరవులో మద్రాసు రాజధానియందును, నిజాము రాజ్యమందును, మైసూరునందును జనులు లక్షలకొలది మరణించిరి. దొరగారి ఇంటిచుట్టు ఆకలిగొన్నవారు క్రమ్ముకొనిరి. దానముగా పెట్టిన ఎంతవరకు చాలును? అప్పుడు ఆయనకు పాత విద్య జ్ఞప్తికి వచ్చెను. ప్రభుత్వము బకింగుహాము కాలువ త్రవ్వించుచుండగా, మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని, కొలత తానే వేసి, ఉపదేశకులను మేస్త్రీలుగా నియమించి వేలమందికి పని చూపిరి. ఏ కులమువారైనను పారతో వచ్చినవానికి కూలి దొరకెను. పని నిలిచిన వేళలలో ఉపదేశకులు జనులతో కూర్చుండి మాటలాడిరి. మిన్నెసోటా అడవులలో దేవుని మరచి నేర్చిన గొలుసు ఇట్లు వేలమందికి అన్నము పెట్టెను.

ఈ కాలముననే ఆయన ఎదుట మిక్కిలి కఠినమైన సమస్య నిలిచెను. జనులు బాప్తిస్మమడుగుచుండిరి. కాని అన్నముకొరకే అడుగుచున్నారేమో! అన్నమునకై మతము మార్చుకొన్నారను నింద వచ్చునని ఆయన భయపడి, పదునైదు మాసములు ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. ఇది న్యాయమైన జాగ్రత్తయే. లెక్క పెరుగుటకంటె లెక్క సరిగానుండుట ముఖ్యమని ఎరిగినవారు చేయదగినపనియే. కాని జాగ్రత్త కూడ ముదిరి మరొక పట్టుదలగా మారగలదు. పేదవాని కోరికయందు ఎల్లప్పుడును కడుపును మాత్రమే చూచుట, అతనికి ఆత్మ యున్నదని బోధించువారికి తగునా?

1878 జూన్ నాటికి వానలు మరల ఆరంభమగుచుండెను. సహాయపు సొమ్ము ముగిసెను. పాత సభ్యులను మాత్రమే గుండ్లకమ్మ యొడ్డున, ఒంగోలునకు ఉత్తరముగా పదిమైళ్ళలోనున్న వెల్లంపల్లికి తీసికొని రండని దొరగారు ఉపదేశకులకు కబురంపిరి. వచ్చినవారు వేలు. ఇక ధనసహాయము లేదు, ఇంటికి పొండని ఆయన ఎదుటబడి చెప్పిరి. తాము కూలిపని చేసికొని బ్రదుకుదుమనియు, కరవు వచ్చినను చచ్చినను ధనమడుగమనియు, బాప్తిస్మము మాత్రము కావలెననియు వారు బదులు చెప్పిరి. ఆయన అనుమానమునకు ఇంక చోటు చిక్కలేదు. ఉపదేశకులతో కూర్చుండి ఒక్కొక్క పల్లెవారిని విచారించి, ఎరుగనివారిని ఆపి, ఎరిగినవారిని అంగీకరించిరి. జూలై 2వ తేదీన 614, 3వ తేదీన 2,222, 4వ తేదీన 700, వెరసి మూడుదినములకు 3,536. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు ఉపదేశకులు, ఒకమారునకు ఇద్దరిద్దరుగా. దొరగారు ఒడ్డున నిలిచి క్రమము చూచిరే కాని తమచేత ఒక్కరికిని ఇయ్యలేదు. ఆ యేటి చివరకు లెక్క 9,606 అయ్యెను.

అమెరికాలోని వారిలో సంతోషించినవారును కలరు, శంకించినవారును కలరు. ఒక్కొక్క మనుష్యుడు తనంత తానుగా, ఇంటివారితోను ఊరివారితోను పనిలేక, నిశ్చయించుకొనుటయే నిజమైన మారుమనస్సని వారి దేశపు అభిప్రాయము. క్లౌగారును ఆ అభిప్రాయముతోనే ఓడ దిగినవారు. కాని మాదిగవాడలో పెండ్లియైనను, తగవైనను, వలసయైనను పెద్దలు కూడి పలికిన పిదప గాని జరుగదు. మనుష్యుని కులమునుండి వేరుచేసి, ఒంటరిగా క్రైస్తవునిజేసినచో, అతడు అటు ఊరికిని ఇటు వాడకును కాక చెడునని ఆయన కనుగొనిరి. అందుచేత వాడపెద్దలనే సంఘపెద్దలుగా నుంచి, తగవులు పంచాయతీలోనే తీర్పించి, కుటుంబములు కలసి వచ్చుటను మన్నించిరి. అమెరికా సంఘపు కట్టుబాట్లను యథాతథముగా తెచ్చి పాతుట మానిరి. 1882 నాటికి ఇరువదివేలు దాటిన సంఘము అట్టి పునాదిమీదనే నిలిచెను. అయితే మిషను వ్యవహారములలో మాత్రము దీర్ఘకాలము ఆయన మాటయే శాసనము. ఇతరులకు పంచాయతి నేర్పినవారు తాము పంచాయతికి లొంగుట తక్కువ. మనుష్యులు అన్నిటిని విడువజాలరు.

1878 తరువాత ఈ పని కృష్ణకుత్తరముగా నిజాము రాజ్యమున వ్యాపించెను. 1879లో హనుమకొండను, 1885లో ఎల్బర్టు చ్యూట్ దొరచేత పాలమూరునను బాప్తిస్టుల మిషను నెలకొనెను. 1890లో నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీజన్ దొర అమెరికా వారు కారు. రష్యాదేశమున స్థిరపడిన జర్మనుభాషీయులైన మెన్నొనైటు బ్రదర్సు సంఘీయులు. వారును బాప్తిస్టు మిషను నీడలోనే పని నారంభించిరి. ఈ చోట్లన్నిటను ముందుగా చెవియొగ్గినవారు మాల మాదిగ వాడలవారే. ఎగువమడి క్రమమును ఇచట ఎవ్వరును మరల ప్రయత్నించి కాలము వ్యర్థపుచ్చకుండుటకు ఒంగోలు అనుభవము అక్కరకు వచ్చియుండును.

హారియెట్ దొరసాని 1893లో మరణించిరి. 1894లో క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడిరి. ఆమె గొప్ప విదుషి. దరిద్రుల పక్షమున క్రైస్తవధర్మమును వ్యాఖ్యానించిన వాల్టరు రౌషెన్‌బుష్‌గారికి సహోదరి. ఆమె ఒంగోలు మాదిగ వృద్ధులను కూర్చుండబెట్టి వారి నోట వారి చరిత్రలు విని, పేరయ్యగారి యోగసాధనమును, వాడలలోని గురుపరంపరలను, మాతంగి కథలను 1899లో గ్రంథముగా ప్రకటించిరి. పాత మతమంతయు చీకటియని కొట్టివేయక, పేరయ్యగారిని క్రీస్తునొద్దకు నడపిన త్రోవలో యోగమును ఒక మెట్టుగా అందు చూపిరి. దొరగారు ఓడ దిగిననాడు ఇట్టి గ్రంథము తన ఇంటనుండి వెలువడునని చెప్పినచో నమ్మియుండరు.

ముసలితనమున దేహము శిథిలమై ఆయన అమెరికాకు మరలిరి. తన జీవితకథను భార్యకు చెప్పి వ్రాయించుచు, 1910 నవంబరు 24వ తేదీన రోచెస్టరు నగరమున కన్నుమూసిరి. ఆ కథను ఆమె సవరించి 1914లో అచ్చువేయించెను.